జగిత్యాల నక్షత్రదుర్గము

ఎఱ్ఱాప్రెగడ పేరు వినని తెలుగు విద్యార్థి లేడు. నన్నయ విడిచిపోయిన అరణ్యపర్వ శేషమును పూరించినవాడని పాఠమున చదువుదురు. ఆ ‘ప్రెగడ’ యన నేమని అడుగువారు మాత్రము అరుదు. పెర్గడ, పెగ్గడ, ప్రెగడ, పెగడ – ఇవన్నియు ఒకే మాటకు వచ్చిన రూపములు. మంత్రి యనియు, రాజోద్యోగి యనియు దాని అర్థము. కన్నడమునందలి హెగ్గడె దీనికి తోబుట్టువు. జగిత్యాల జిల్లాలో మండల కేంద్రమైన పెగడపల్లి పేరు పలికినపుడెల్ల ఈ పాత ఉద్యోగము పేరు చెవిని బడుచున్నది.

కాకతీయుల కాలమున ఈ కరీంనగరపు సీమకు సబ్బినాడని పేరు. రుద్రదేవుని మంత్రియైన గంగాధరుడు ఈ నాటి పాలనభారమును వహించెను. చెఱువుల నీరు, పొలముల పన్ను, దేవాలయముల మాన్యములు – వీనికి లెక్క చూచువాడు లేనిచో ఎంతటి రాజు పేరైనను శాసనపు రాతిమీద మాత్రమే మిగులును. ప్రజలకు రాజ్యమనునది రెండు రూపములలో కనబడును. ఒకటి కోటగోడ, రెండవది లెక్క చూచు ఉద్యోగి. పెగడపల్లి రెండవదానిని తన పేరులో దాచుకొన్నది. మొదటిదానిని చూడగోరువారు జగిత్యాలకు పోవలెను.

జగిత్యాలలో జనులు ‘ఖిల్లా’ యని పిలుచు కోట తెలంగాణమున సాధారణముగా కనబడు కోటలవంటిది కాదు. ఎలగందుల, భువనగిరి, రాచకొండ కోటలు కొండలను నమ్ముకొన్నవి. కొండయే సగము కోట. తక్కిన సగము మాత్రము మనుష్యులు కట్టినది. జగిత్యాల కోటకు అట్టి ఆసరా లేదు. చదునైన నేలపై ఇటుకతోను రాతితోను సున్నముతోను కట్టిన ప్రాకారము, దాని చుట్టును అగడ్త, ప్రాకారమునుండి బయటికి పొడుచుకొని వచ్చిన కోణములు – పైనుండి చూచినచో నక్షత్రము నేలకు దిగినట్లుండును. దీనిని 1747లో జఫరుద్దౌలా ఫ్రెంచి ఇంజనీర్లచేత కట్టించెనని చెప్పుదురు. అసలు పేరు మీర్జా ఇబ్రహీం బేగ్. ‘ధౌంసా’ యని బిరుదు. ధౌంసా యనగా పెద్ద నగారా. ఎలగందులను ఏలుచుండిన ఈ సర్దారు అచ్చటి కోటలోను 1754లో మసీదు కట్టించెను.

ఆ ఇంజనీర్లలో ఒకని పేరు జాక్ అనియు, రెండవవాని పేరు టాల్ అనియు, వారిద్దఱి పేర్లును కలిసి జగిత్యాల యయ్యెననియు ఊరిలో ఒక కథ కలదు. కథ ముచ్చటగనే యున్నది కాని నమ్ముట కష్టము. కోట కట్టించిన ప్రభువు పేరు ఊరికి రాక, కట్టిన పనివారి పేర్లు రావలెనా? జగిత్యాలకు చెంతనే పొలస కలదు. అది పొలవాస ప్రభువుల రాజధాని. వారిలో జగ్గదేవుడను పేరివాడున్నాడు. మేడరాజును జయించి పొలవాసను గైకొన్నట్లు రుద్రదేవుని 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము చాటుచున్నది. ఊరి పేరును ఆ జగ్గదేవునితో ముడిపెట్టువారి మాటయే ఇంపుగా తోచును. అయినను జాక్, టాల్ అను వారి కథలో ఒక సత్యము దాగియున్నది. ఈ గోడ ఇచ్చటిది కాదని, దీని ఆకారము ఎక్కడినుండియో వచ్చినదని జనులు గుర్తించిరి. ఆ ‘ఎక్కడినుండియో’ అనునది ఏది? దాని వెనుక ఐరోపా రాజ్యముల రెండున్నర శతాబ్దముల చరిత్ర కలదు.

కోటకు నక్షత్రాకారమెందులకు? అలంకారమునకని అనుకొందురు. కాదు. ఉపాధ్యాయులు నల్లబల్లపై దీనిని సులభముగా చూపవచ్చును. గుండ్రని బురుజు నొకదానిని గీసి, దాని ఇరుప్రక్కల నున్న బురుజులనుండి గీతలు గీయుడు. ఆ గీతలే తుపాకిగుండ్లు పోవు దారులు. గుండ్రని బురుజు ముందు, సరిగా దాని పాదమున, ఏ గీతయు తాకని చిన్న ముక్కోణపు తావు మిగులును. శత్రువు అచ్చటికి చేరినచో పైనున్నవారికి కనబడడు. నిశ్చింతగా గోడక్రింద సొరంగము త్రవ్వి మందుగుండు పెట్టగలడు. ఇప్పుడు గుండ్రని బురుజును తుడిచివేసి, ఆ ముక్కోణమునే బురుజులో కలిపి, కొస తేలిన బురుజును గీయుడు. దాగుటకు తావు లేదు. ప్రతి బురుజు ముఖమును ప్రక్క బురుజు కాపాడుచుండును. ఇట్లు చుట్టును గీసికొని వచ్చినచో కోట తనంతట తానే నక్షత్రమగును. దీనికి తోడు గోడలు కుఱుచవి, మందమైనవి, లోపల మన్ను నింపినవి. ఎత్తైన సన్నని రాతిగోడ ఇనుపగుండు తాకిన విఱిగి కూలును. మన్ను దానిని మ్రింగును.

ఈ ఉపాయమును పుట్టించినది భయము. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదవ చార్లెస్ కంచు ఫిరంగులతో ఇటలీలో ప్రవేశించెను. నెలల తరబడి ముట్టడికి నిలిచిన పాత కోటలు గంటలలో కూలజొచ్చెను. ఇటలీలోని నగరములు బెదరి, గణితము నేర్చిన శిల్పులను పిలిచి కొత్త గోడలు కట్టించుకొనసాగెను. 1529లో ఫ్లారెన్సు నగరపు కోటపనిని మైకెలాంజెలో చూచెననిన మన విద్యార్థులకు వింతగా నుండవచ్చును. సియెనా యను చిన్న రాజ్యము కథ మఱింత వింత. అది తన సొమ్మంతయు కొత్త గోడలమీద వెచ్చించి, తీరా యుద్ధము వచ్చునప్పటికి సేనను కూర్చుకొనుటకు డబ్బు లేక, గోడలును పూర్తికాక, 1555లో లొంగిపోయెను.

సియెనా నేర్చిన పాఠమునే ఐరోపా యంతయు నేర్చెను. ఒక నక్షత్రదుర్గము కట్టుటకు, అందు సేనను నిలుపుటకు, దానిని ముట్టడించుటకును కావలసిన ధనము చిన్నచిన్న దొరలకు లేదు. కొండమీది మేడలో కూర్చుండి రాజును ధిక్కరించు పాత ప్రభువుల కాలము గడచెను. పన్ను వసూలు చేయగల రాజే రాజు. ఆ నాటి చక్రవర్తియైన ఐదవ చార్లెసునకు స్పెయిను, నెదర్లాండ్సు, నేపుల్సు, ఆస్ట్రియా, అమెరికా ఖండమందలి కొత్త దేశములు – ఇన్ని ఉండియు చేతిలో డబ్బు నిలువలేదు. 1519లో ఆయన చక్రవర్తిగా ఎన్నికయగుటకే సుమారు 8,50,000 ఫ్లోరిన్లు వ్యయమయ్యెను. అందు సగమునకు మించి ఆగ్స్‌బర్గు నగరపు ఫుగ్గర్ అను షాహుకారు అప్పిచ్చినది. చక్రవర్తిని ఎన్నుకొనుట యేమని విద్యార్థి అడుగును. ‘పవిత్ర రోమను సామ్రాజ్యము’ అను పేర జర్మను దేశముల మీద నెలకొన్న సింహాసనము కేవలము వారసత్వమున వచ్చునది కాదు. 1356 నాటి శాసనము ప్రకారము ఏడుగురు ప్రభువులు ఓటు వేసి చక్రవర్తిని నిలుపవలెను. ఓటునకు వెల కట్టుట ఈ కాలపు వింత కాదన్నమాట! ఆ చార్లెసే 1555–56లో రాజ్యములన్నిటిని కుమారునికిని తమ్మునికిని పంచి ఇచ్చి, స్పెయినులో ఒక మఠముచెంత శేషజీవితము గడపెను.

కోటను రాజ్యమునకు పూర్తిగా కట్టివేసినది ఫ్రాన్సు. 1626లో మంత్రి రిషెల్యూ దేశము నడుమ నున్న దుర్గములను కూలద్రోయవలెనని ఆజ్ఞ వెలువరింపజేసెను. సరిహద్దునందలి కోటలు మాత్రమే నిలువవలెను. రాజునకు ఎదురు తిరుగు ప్రభువునకు తలదాచుకొనుటకు గోడ యుండరాదని దాని భావము. అదే సమయమున పరగణాలకు ‘ఎంతాందాఁ’ అను జీతగాండ్రైన ఉద్యోగులను పంపు వాడుక బలపడెను. వీరు జమీందారులు కారు. రాజు నియమించిన వారు, రాజు తొలగింపగల వారు. పన్ను, న్యాయము, సేనకు కావలసిన ధాన్యము – అన్నియు వారి చూపునకు లోబడెను. వీరు ఫ్రెంచి పెగ్గడలు! కోట సరిహద్దునకు, పెగ్గడ ప్రతి పరగణాకు – ఇదియే ఆ రాజ్యరహస్యము.

పదునాలుగవ లూయీ కాలమున ఈ కోటల శాస్త్రమును పరాకాష్ఠకు తెచ్చినవాడు వోబాఁ. 1633లో పుట్టిన ఈ ఇంజనీరు సుమారు ఏబది ముట్టడులను నడపెను. ఎన్నో కోటలను కట్టెను, ఎన్నింటినో బాగుచేసెను. రైను నది చెంత చదును నేలమీద 1698లో ఆయన పథకము వేసిన న్యోఫ్-బ్రిసాక్ ఎనిమిది మూలల కోటపట్టణము. నేటికిని చెక్కుచెదరక యున్నది. 2008లో ఐక్యరాజ్య సమితికి చెందిన యునెస్కో గుర్తించిన పన్నెండు వోబాఁ కట్టడములలో అది యొకటి.

కాని వోబాఁను తలచుకొనవలసినది గోడలకొఱకు మాత్రమే కాదు. కోటపని మీద దేశమంతయు తిరిగిన ఆయనకు గోడల వెనుక రైతు కనబడెను. ప్రభువులకును మతాధికారులకును పన్నుల మినహాయింపు, బరువంతయు పల్లెలమీద. తాను కట్టిన ప్రతి బురుజునకు డబ్బు ఎవరి గాదెలోనుండి వచ్చెనో ఆయన లెక్క వేసెను. పాత పన్నులను తీసివేసి, ఎవరికిని మినహాయింపు లేక అందఱును ఆదాయములో కొంత భాగము చెల్లింపవలెనని ‘రాజ దశాంశము’ అను గ్రంథము వ్రాసి 1707లో రహస్యముగా అచ్చు వేయించెను. ప్రభుత్వము దానిని నిషేధించెను. అదే సంవత్సరము మార్చి 30వ తేదీన వోబాఁ కన్ను మూసెను. ఇరువది యేడు దినములకు ముందు, అదే మార్చి 3వ తేదీన, అహమద్‌నగరమున ఔరంగజేబు చనిపోయెను. చరిత్రలో ఇట్టి కాకతాళీయములకు అర్థము వెదుకరాదు. కాని పాఠము చెప్పువారికి ఇంతకంటె మంచి తేదీ దొరకదు.

ఔరంగజేబు 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత గోలకొండను పట్టుకొన్నాడు. ఫిరంగులు ఆ కోటను పడగొట్టలేదు. లంచము తిన్న ఒక సర్దారు రాత్రివేళ తలుపు తెఱచెను. ఔరంగజేబు పోయిన పిదప మొగలాయి సామ్రాజ్యమునకు పట్టిన గతికి సరియైన పోలిక ఫ్రాన్సులో లేదు, జర్మను దేశములలో నున్నది. ముప్పది యేండ్ల యుద్ధము ముగిసిన 1648 సంధితో అచ్చటి ప్రభువులకు, చక్రవర్తికి వ్యతిరేకముగా కాకుండునంతవఱకు, తమంతట తాము పొత్తులు కుదుర్చుకొను హక్కు స్థిరపడెను. చక్రవర్తి పేరు నిలిచినది. పెత్తనము ప్రభువుల చేతికి పోయినది. దక్కనులో 1724న షకర్‌ఖేడా యుద్ధమున గెలిచిన నిజాముల్ముల్కు కూడ ఇట్లే చేసెను. ఢిల్లీ పాదుషా పేర నాణెములు ముద్రించెను, పాదుషా పేర ఖుత్బా చదివించెను. పాలనము మాత్రము తనదిగా చేసికొనెను.

ఆ తరువాతి సంఘటనలు ఇచ్చటను అచ్చటను జంటగా నడచినట్లు తోచును. 1739లో నాదిర్షా ఢిల్లీని దోచెను. 1740 అక్టోబరులో వియన్నాలో చక్రవర్తి ఆరవ చార్లెస్ మగసంతానము లేక మరణించెను. కొడుకు లేనిచో కూతురికి రాజ్యము దక్కవలెనని 1713నాడే శాసనము చేసి, దానికి ఐరోపా రాజులలో పెక్కుమంది ఒడంబడికలను ఆయన కూడబెట్టియుండెను. కాగితములు పెట్టె నిండ నున్నవి. రెండు నెలలు తిరుగకమునుపే ప్రష్యా రాజు ఫ్రెడరిక్ సైలీషియాలో సేనను దింపెను. 1742లో బవేరియా ప్రభువు చక్రవర్తి కిరీటము ధరించెను. ఆ దినములలోనే ఆయన సొంత రాజధాని మ్యూనిక్ ఆస్ట్రియావారి చేతబడెను. కిరీటమున్నది, ఇల్లు లేదు.

ఈ వారసత్వపు తగవులో ఫ్రాన్సు ఒకవైపునను ఇంగ్లండు మఱియొకవైపునను నిలుచుటచేత అగ్గి సముద్రములు దాటెను. 1746లో లాబూర్దొనే నాయకత్వమున ఫ్రెంచివారు మద్రాసును పట్టుకొనిరి. 1748లో ఎక్స్-లా-షపెల్ సంధి జరిగినపుడు అమెరికాలోని లూయిబర్గు కోటను మరల తీసికొని, మద్రాసును ఇంగ్లీషువారికి తిరిగి ఇచ్చిరి. వియన్నాలో ఒక తండ్రికి కొడుకు లేకపోవుట తెలుగు తమిళ తీరముల భాగ్యమును త్రిప్పినది. అదే 1748 జూనులో నిజాముల్ముల్కు మరణింప, ఆయన కుమారుడు నాసిర్ జంగునకును దౌహిత్రుడు ముజఫర్ జంగునకును తగవు పుట్టెను. 1750 డిసెంబరులో ఒకడు, 1751 ఫిబ్రవరిలో ఇంకొకడు హతులైరి. సలాబత్ జంగును గద్దె నెక్కించి, ఫ్రెంచి సేనాని బుస్సీ ఆయన వెంట హైదరాబాదు చేరెను.

ఇచ్చట ఒక చిక్కు కలదు. జగిత్యాల కోట 1747 నాటిదైనచో, బుస్సీ హైదరాబాదునకు రాకకు అది నాలుగేండ్ల ముందటి మాట. ఫ్రెంచి కంపెనీ సేన అప్పటికి నిజాము రాజ్యములో కాలు మోపలేదు. కనుక ఆ పని చేసినవారు ఏ రాజు పంపగా వచ్చిన వారును కారు. పొట్టకూటికై సర్దారుల కొలువులు వెదుకుచు తిరిగిన ఐరోపా వారు మన దేశమున చాలకాలమునుండియే కలరు. వెనిసు నగరమునుండి పిన్నవయసున పారివచ్చిన మనూచీ దారాషుకో సేనలో ఫిరంగివాడుగా చేరుట ఒక శతాబ్దము ముందటి సంగతి. ఫిరంగి యను మాటయే దీనికి సాక్షి. పారసీకమున ‘ఫరంగీ’ యనగా ఐరోపా దేశస్థుడు. తెలుగువారు మనిషి పేరును యంత్రమునకు పెట్టిరి. ఫరంగీ వచ్చినపుడెల్ల ఫిరంగి వచ్చుచుండెను కాబోలు!

కావున జగిత్యాలకు వచ్చినది ఆకారము మాత్రమే. ఇద్దఱు ముగ్గురు నేర్పరులు గీతకోలతో, త్రాడుతో, జ్ఞాపకముతో తెచ్చిన రూపము. ఆ రూపమునకు ఐరోపాలో తోడుగా నున్న రెండవ సగము – రాజు నియమించి రాజు తొలగింపగల ఉద్యోగి, ఊరూర లెక్క, మధ్యదేశపు కోటలను కూల్చు ఆజ్ఞ – అది గీతకోలతో వచ్చునది కాదు. జగిత్యాల కోట రాజ్యపు సరిహద్దున పరరాజునకు ఎదురుగా నిలిచినది కాదు. అది రాజ్యము లోపల ఒక సర్దారు సొంత బలము. పన్ను ఆయనదే, సేన ఆయనదే, కోటయు ఆయనదే. రిషెల్యూ ఏ కోటలను చూచి భయపడెనో అట్టి కోట ఇది. వోబాఁ చేతిరూపము మాత్రము తొడుగుకొన్నది.

ఫలము కనబడుటకు ఒక తరము పట్టెను. జఫరుద్దౌలా నిజామునకు విధేయుడుగనే జీవించెను. ఆయన కుమారుడు ఇహ్తిషాం జంగ్ తండ్రి కోటలతోపాటు తండ్రి హోదాయు తనకు హక్కుగా వచ్చినదని భావించెను. నిజాం ఆలీఖాను (1762–1803) ప్రభుత్వముపై తిరుగుబాటు చేసెను. ఆలీఖాను సేనతో వచ్చి అతనిని అణచివేసెను. నక్షత్రపు కోణములు సొరంగము త్రవ్వువానిని ఆపగలవు, ఫిరంగిని సైపగలవు. లోపలనున్న సర్దారునకును బయటనున్న ప్రభువునకును గల సంబంధమేమో తేల్చలేవు. ఆ సంబంధమును తేల్చునది జమాబందీ చిట్టా.

ఆ చిట్టా రాకకు మఱికొంత కాలము కావలసి వచ్చెను. అంతవఱకు ఈ సీమలో పన్ను వసూలు గుత్తకు పోవుచుండెను. ఎక్కువ పాడినవాడు గుత్తేదారు. వాడు రైతునుండి ఎంత పిండునో అడుగువారు లేరు. 1865లో మొదటి సాలార్‌జంగు ‘జిలాబందీ’ యను ఏర్పాటుతో రాజ్యమును జిల్లాలుగా విభజించి, జీతము పుచ్చుకొను తాలూక్‌దారులను నియమించెను. ఎలగందుల జిల్లా అట్లు ఏర్పడెను. 1905లో కరీంనగరము పేరు దానికి వచ్చెను. 2016 అక్టోబరులో దానినుండి జగిత్యాల జిల్లా విడిపడెను. 1747లో గోడ వచ్చెను, 1865లో పెగడ వచ్చెను. నడుమ గడచిన నూటపదునెనిమిది యేండ్లు అగడ్త త్రవ్వినవారును, సున్నము కాల్చినవారును, ఆ సున్నపు ఖర్చు పొలము పంటలోనుండి చెల్లించినవారును ఈ చుట్టుపట్ల ఊళ్లవారే. వారిలో ఒకని పేరైనను కోటకథలో లేదు. జాక్, టాల్ అను పేర్లు మాత్రము మిగిలినవి.